ఎడమకాలి నడక

నమోదు 1

తెరువులోకి కొత్తగా వచ్చినవాళ్లు మూడు సంగతులు రాసి అందరికీ కనబడేలా పెట్టాలట. ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది. అవి చదివితే తప్ప చావడిలో, అంటే తెరువు వాడేవాళ్లు ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే చోట, ఎవరూ సాయం చేయరట. అందుకని రాస్తున్నాను.

నా పేరు సువార్త. ఊరు కొత్తకొటారు. ఉప్పు మళ్లలో పని. సముద్రపు గోడ కూలిన తుపానులో ఎడమకాలు మోకాలి పైదాకా పోయింది. అప్పుడు ఊళ్లో చాలామందికి కంపెనీ కాళ్లూ చేతులూ పెట్టారు. నా కాలు ఇన్నేళ్లూ బాగానే నడిచింది. బురద వస్తే బురదని తెలుసుకునేది, గట్టు ఎక్కితే గట్టని తెలుసుకునేది. ఈ ఏడు కంపెనీ మూతబడింది. కాలు నెట్‌లో కంపెనీతో మాట్లాడుకోకపోతే పని చేయదు. మాట్లాడటానికి అక్కడ ఎవరూ లేరు. మోకాలు బిగుసుకుపోయి కాలు కర్రయింది.

మా పక్కింటి మస్తాన్‌బీ అక్కకి కుడిచెయ్యి కంపెనీదే. రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. అందరికంటే ముందు తన చేతిలోంచి కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి తెరువు అనే వేరే సాఫ్ట్‌వేర్ వేసుకుంది. తెరువు ఎవరిదీ కాదు, అందరిదీ. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు.

ఏం చేశాను: పొద్దున వంట కాగానే అక్క తన టాబ్లెట్ పలక తెచ్చి నా కాలికి వైరు తగిలించింది.

"ఒకసారి చెరిపితే మళ్లీ వెనక్కి రాదు. తెలుసుగా?" అంది.

"వెనక్కి ఏముందక్కా, కర్రేగా."

చెరిపాము. తెరువు ఎక్కించాము. అన్నం వార్చినంత సేపు కూడా పట్టలేదు.

ఏం జరుగుతుందనుకున్నాను: లేచి నడుస్తాననుకున్నాను.

ఏం జరిగింది: మోకాలి పక్కన పచ్చలైటు వెలిగింది. పలక మీద 'స్వాగతం' అని వచ్చింది. అంతే. బిగుసుకున్న మోకాలు ఇప్పుడు గుడ్డపేలికలా వేలాడుతోంది. నిన్నటిదాకా కర్ర మీదైనా నిలబడ్డాను. ఇవాళ అదీ లేదు.

"ఇదేందక్కా?" అన్నాను.

"నా చెయ్యి కూడా ముందు ఇట్టాగే చచ్చుగా పడుండె. తర్వాత లేచింది. ఎందుకు లేచిందో నన్నడగొద్దు" అంది మస్తాన్‌బీ.

నమోదు 2

చావడిలో నిన్న పెట్టినదానికి మూడు జవాబులు వచ్చాయి.

మొదటిది: ఈ ప్రశ్న ఇదివరకే ఎవరో అడిగారు, వెతుక్కోండి. రెండోది: కాలు మోడల్, తెరువు వెర్షన్ రాయకుండా అడిగితే మేం జ్యోతిష్యం చెప్పాలా? ఇది పెట్టిన మనిషి పేరు ఉలి. అసలు పేరు కాదట, చావడిలో అలాగే పిలుచుకుంటారట. మూడోది: మాన్యువల్ చదవండి.

మాన్యువల్ తెరిచాను. మొదటి నాలుగు పేజీలు తెలుగులో ఉన్నాయి. స్వేచ్ఛ గురించి చాలా బాగా రాశారు. నాలుగో పేజీ చివర 'మిగతా భాగం త్వరలో' అని ఉంది. ఆ పైన అంతా ఇంగ్లీషే. నేను పదో తరగతి చదివాను. ఇంగ్లీషు మాటలు చదవగలను గానీ వాటిని కలిపి అర్థం చేసుకోవడం నా వల్ల కాలేదు.

స్టూలు మీద కూర్చుని, స్టూలుతో సహా జరుగుతూ వంట చేశాను. బిందె నేను ఎత్తలేనని మా ఆయన దానియేలే నీళ్లు పట్టి లారీ పనికి వెళ్లాడు. మధ్యాహ్నం పోలయ్య మేస్త్రి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి నా కాలు చూశాడు.

"ఏంది సువార్తా, ఎప్పుడొస్తన్నావు? మడి తొక్కుడు మొదలుబెట్టినారు అందరూ."

మడి తొక్కడమంటే తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. సముద్రపు నీళ్లు లోపలికి వదిలే ముందు మడి నేలని కాళ్లతో తొక్కి గట్టిపరచాలి. జిగురుమట్టిని అడుగు మీద అడుగు వేసి పలకలా చెయ్యాలి. అలా తొక్కకపోతే ఉప్పు మట్టి కలిసి వస్తుంది. రోలరు పెట్టి చూశారు, దిగబడిపోయింది. తొక్కినవాళ్లదే మడి. అది మా సొసైటీ పద్ధతి. లారీ ముఠాలో పేరున్నవాళ్లకి మడి ఇవ్వరు కాబట్టి దానియేలు నాకు బదులు తొక్కడానికి లేదు.

"నాలుగు రోజులు ఆగు మేస్త్రీ" అన్నాను.

"నేనాగితే నీళ్లు ఆగుతయ్యా? తూము ఎత్తేలోపల రా. లేకపోతే ఆ మడి ఎవరో ఒకరు తొక్కుతారు. నన్ను తిట్టుకోబాక."

నమోదు 5

చావడిలో అఖిలేశ్ అనే అబ్బాయి దొరికాడు. పట్నంలో ఉంటాడు. నా రాతలు చదివి తనే ఫోన్ చేశాడు.

"సువార్త గారూ, తెరువంటే ఇంటి పునాది లాంటిదండి. నడవడానికి దాని మీద 'నడక' అనే ప్రోగ్రాం విడిగా వేసుకోవాలి" అన్నాడు.

ఈ ఒక్క ముక్క ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా రాయలేదు.

అతను చెబుతుంటే నేను పలక మీద టైప్ చేశాను. నడక వేయమంటే 'తూకం' కావాలంది. తూకం అంటే పడిపోకుండా చూసేది. తూకం వేయమంటే 'మడమ' కావాలంది. మడమ అంటే నేల తగిలిందో లేదో చెప్పేది. మడమ వేయబోతే, ఈ కొత్త తెరువులో నేను పని చేయను, పాతది తీసుకురా అంది. పాత తెరువులో నడక వేయమంటే, ఇది మరీ పాతది, నాకు కొత్తది కావాలంది. పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా ఒకదాన్నడిగితే ఇంకోదాని మీద చెప్పాయి.

"మీ కాలు ఏ మోడలండీ?" అన్నాడు అఖిలేశ్.

"ఎడమది" అన్నాను.

అతను నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఇన్ని రోజుల్లో నవ్వింది అప్పుడే. మోడల్ నంబరు మోకాలి వెనక ఉంటుందట. అద్దం పెట్టి చూసి చదివాను.

చివరికి మధ్యరకం తెరువు ఒకటి వెతికిచ్చాడు. మళ్లీ అంతా చెరిపి మొదటి నుంచీ వేశాము. మడమ ఎక్కింది. తూకం ఎక్కింది. నడక ఎక్కింది.

లేచి నిలబడ్డాను. అడుగు వేస్తే కాలు బారుగా ముందుకు పోయింది. ఎవరో పొడుగాటి మగమనిషి నడకట అది. నా ఎత్తు, బరువు ఎక్కడ రాయాలో అఖిలేశ్ చూపించాక దారికొచ్చింది. పెరట్లోకి నడిచి వెళ్లి, నిలబడి బట్టలు ఉతికాను. ఒక్కొక్కటీ రెండుసార్లు జాడించాను, పని లేకపోయినా.

దానియేలు సాయంత్రం వచ్చి, నేను గుమ్మంలో నిలబడి ఉండటం చూసి టిఫిన్ క్యారియర్ కింద పెట్టేశాడు.

"ఏందే, లేచినావా!" అన్నాడు. చాలాసేపు నా వెనకే తిరిగాడు.

చావడిలో అందరికీ కృతజ్ఞతలు రాశాను.

నమోదు 8

మడిలోకి వెళ్లాను. గట్టు మీద బాగానే నడిచాను. మడిలో దిగి మొదటి అడుగు వేయగానే కాలు జారింది. జారిందని తెలిసి తూకం మోకాలిని బిగించేసింది. మళ్లీ అడుగేస్తే మళ్లీ బిగించింది. బురద దానికి తెలియదు. పట్నంలో గచ్చు నేల మీద నడిచేవాళ్లు తయారుచేసింది అది.

చుట్టుపక్కల మళ్లలో ఆడవాళ్లు వరసగా తొక్కుకుంటూ పోతున్నారు. నేను మేకులా నిలబడ్డాను. ఇద్దరు వచ్చి నన్ను గట్టు మీదికి లాగారు.

అఖిలేశ్‌కి చెప్పాను. బురద కోసం వేరే ప్రోగ్రాం ఉందన్నాడు. దాని పేరు బురదనడక. రాసింది విశ్వంభర అని ఒకాయన. చావడిలో బురద గురించి ఎవరు అడిగినా అందరూ ఆ పేరే చెబుతారట. అది వేయబోతే తెరువు ఒప్పుకోలేదు. 'రాసినవారి సంతకం గడువు తీరింది' అని ఎర్రక్షరాలతో వచ్చింది. ప్రోగ్రాం రాసినవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, ఇది నాదే, బాగానే ఉంది అని సంతకం పెట్టాలట. ఆయన పెట్టడం మానేసి చాలాకాలమైందట.

"బలవంతంగా వేసే కమాండ్ ఒకటుంది. కానీ వేయమని నేను చెప్పనండి" అన్నాడు అఖిలేశ్.

"మరి ఏం చెయ్యమంటారు?"

"ఆయనకి రాసి చూడండి."

రాశాను. బతిమాలుతూ రాశాను. జవాబు లేదు.

సాయంత్రం పోలయ్య మేస్త్రి మా ఇంటి ముందు నుంచే వెళ్లాడు. ఈసారి ఆగలేదు.

నమోదు 9

ఏం చేశాను: బలవంతంగా వేశాను. ఎర్రక్షరాలు వచ్చిన ప్రతిసారీ 'అవును' నొక్కాను.

ఏం జరుగుతుందనుకున్నాను: మడి తొక్కుతాననుకున్నాను.

ఏం జరిగింది: పెరట్లో బిందెడు నీళ్లు పోసి బురద చేశాము. దానియేలు నా ముందు నిలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు. మొదటి అడుగు మెత్తగా పడింది. రెండో అడుగుకి కాలు పక్కకి మెలితిరిగి ముందుకు విసురుగా లేచింది. నేను కావాలని చేసింది కాదు. నా ఒంటికి తగిలించిన ఇనుము దానంతట అదే తన్నింది. దానియేలు కుడి మణికట్టు మీద తగిలింది. చప్పుడు నాకు వినబడింది.

కింద పడ్డాక కూడా కాలు ఇంకా తన్నుకుంటూనే ఉంది. దానియేలు ఎడమచేత్తోనే పాకి వచ్చి బ్యాటరీ పీకేశాడు.

నమోదు 10

రెండు ఎముకలు విరిగాయన్నారు ఆసుపత్రిలో. మణికట్టు మునుపటిలా తిరగకపోవచ్చన్నారు. లారీ ముఠాలో బస్తా ఎత్తలేనివాళ్లకి పేరుండదు. కబురు వెళ్లిన పూటే దానియేలు పేరు తీసేశారు.

అన్నం కలిపి పెడుతుంటే, "నేనేమన్నా అన్నానా నిన్ను?" అన్నాడు.

"అనరాదూ. అంటే నాకు బాగుంటది."

"అనను" అని అటు తిరిగి పడుకున్నాడు.

జరిగింది చావడిలో ఉన్నదున్నట్టు రాశాను. ఇంకెవరూ బలవంతంగా వేయొద్దని రాశాను. బురదనడకలో ఏదో లోపం ఉంది, దయచేసి తెలిసినవాళ్లు ఎవరైనా చూడమని రాశాను. కాసేపటికి నేను రాసినదాని నెత్తిన బూడిదరంగు పట్టీ వచ్చింది. 'మూసివేయబడింది. కారణం: వాడుకరి పొరపాటు.' మూసింది ఉలి. కింద ఒక వాక్యం కూడా పెట్టాడు. హెచ్చరిక చూపినా వినని వారికి సాఫ్ట్‌వేర్ బాధ్యత వహించదు.

అఖిలేశ్ ఫోన్ చేసి చాలాసేపు బాధపడ్డాడు. "ఆయన కఠినంగా రాశారు గానీ, నిబంధన ప్రకారం కరెక్టేనండి" అన్నాడు.

"కరెక్టే బాబూ. కంపెనీవాళ్లు కూడా కాలు ఆపేటప్పుడు నిబంధన ప్రకారమే ఆపారు" అన్నాను.

నేనే ఫోన్ పెట్టేశాను.

నమోదు 13

బురదనడక ప్రోగ్రాం తెరిస్తే మొదటి వరసలోనే ఉంది. 'ఇది నా పొలం కోసం రాసుకున్నాను. పనికొస్తే ఎవరైనా ఏమైనా చేసుకోండి. విశ్వంభర, కాకిలంక.' కాకిలంక ఎక్కడుందో మస్తాన్‌బీ అక్క రొయ్యల పడవలవాళ్లని అడిగి తెలుసుకుంది. షెడ్డులో సెలవు పెట్టి నాకు తోడు వచ్చింది. కాలిని పాత నడకకి మార్చుకుని, బస్సులో కొంత, పడవలో కొంత వెళ్లాము.

ఊరు సగమే ఉంది. మిగతా సగం నీళ్లలో కరెంటు స్తంభాల తలలుగా కనబడుతోంది. విశ్వంభర గారి ఇల్లు మిగిలిన సగంలో చివరిది. ఆయనకి అరవై ఉంటాయి. వరండాలో కుర్చీలో కూర్చుని వలకి ముడులు వేస్తున్నారు. కుడికాలు మోకాలి పైదాకా లేదు. కంపెనీ కాలు గోడకి మేకు మీద వేలాడుతోంది, దాని మీద కండువా ఆరేసి ఉంది.

"బురదనడక కోసం వచ్చామండి" అన్నాను.

"అది లేదిప్పుడు" అన్నారు తల ఎత్తకుండా.

"దానివల్ల మా ఆయన చెయ్యి విరిగింది."

అప్పుడు తల ఎత్తారు. "అయితే తిట్టడానికి వచ్చారా? ఇంట్లో కూర్చునే తిట్టొచ్చుగా. అందరూ అలాగే తిట్టారు. ఇంత దూరం రావడమెందుకు?"

వాళ్లావిడ లోపల నుంచి మజ్జిగ తెచ్చింది. నెమ్మదిగా చెప్పింది. ఈయన ప్రోగ్రాం వేసుకున్న ఒకతను కాలువలో పడ్డాడట. బతికాడు గానీ, వాళ్లవాళ్లు ఈయన్ని హంతకుడని రాశారట. తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా రాశారట. పొలం మునిగిన వారంలో కూడా, కొత్త వెర్షన్ ఎప్పుడని అడిగారట. "పొలం పోయిందని చెప్పినా ఎవరూ ఒక్క మాట అడగలేదమ్మా. ఆ పలక చూడటం మానేశాకే ఈయన కాస్త అన్నం తింటున్నారు."

"నేను తిట్టడానికి రాలేదండి" అన్నాను. "మడి తొక్కాలి. తొక్కకపోతే మడి పోద్ది. నాకింక దారేదీ కనబడక వచ్చాను."

ఆయన నా కాలు చూశారు. వల పక్కన పెట్టి, "నిలబడు" అన్నారు. నిలబడ్డాను. "తన్నింది ఎటువైపు?"

"ఎడమపక్కకి మెలితిరిగి ముందుకి."

"ఇది ఎడమకాలు."

"అవునండి."

"నాది కుడి." ఆయన గోడ మీది కాలు వైపు చెయ్యి చూపించారు. "నా కాలికే రాసుకున్నాను. పక్కకి వాలడం, తిప్పడం అన్నీ కుడికాలికే. ఎడమకాలికి వేస్తే అన్నీ తిరగబడతాయి. ఎవరూ అడగలేదు."

"అడిగే ఉంటారండి. మీరు చూడటం మానేశారు" అంది మస్తాన్‌బీ.

ఆయన ముఖం మాడిపోయింది.

చావడిలో ఎంతోమంది ఆ ప్రోగ్రాం పేరు చెప్పారు. ఒక్కరూ ఏ కాలని అడగలేదు. మోడల్ అడిగిన అఖిలేశ్‌కి ఎడమదని నేనే చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాము.

"సరిచేసి పెట్టండి సార్" అన్నాను.

"నేను ముట్టుకోను." గొంతు గట్టిగానే ఉంది. "కావాలంటే నువ్వు సరిచేసుకో. సంతకం నీ పేరు మీదికి మారుస్తాను. ఇక అది నీది. తిట్లు కూడా నీవే."

నమోదు 14

అక్కడే వరండాలో కూర్చుని చేశాను. ఆయన కుర్చీ అటు తిప్పుకుని వల అల్లుకుంటూనే ఉన్నారు. ఏ వరస ఏం చేస్తుందో అడిగితే మొదట పలికేవారు కాదు. మళ్లీ అడిగితే ఒక్క ముక్క చెప్పేవారు. ఎక్కడెక్కడ కుడి ఉందో వెతికి ఎడమకి తిప్పాను. ఒకచోట తిప్పి ఇంకోచోట మరిచిపోతే కాలు అక్కడే గిలగిల్లాడింది. ఈసారి కాలు ఒంటికి తగిలించుకోలేదు. స్తంభానికి తాడుతో కట్టి చూశాము.

కట్టిన తాడు లాగకుండా కాలు మెత్తగా లేచి మెత్తగా దిగినప్పుడు విశ్వంభర గారి చేతిలో వల ఆగింది.

"ఇక నువ్వు తొక్కే కొద్దీ అదే నేర్చుకుంటది. నీ బరువు, నీ తడబాటు, నీ జాగ్రత్త అన్నీ పట్టుకుంటది. ముందు తడబడినా భయపడొద్దు" అన్నారు.

వెళ్లొస్తామని చెబితే తలుపు దాకా కూడా రాలేదు. పడవ ఎక్కాక చూస్తే మాత్రం, కుర్చీ మా వైపు తిరిగి ఉంది.

నమోదు 17

మడి తొక్కాను.

మొదట్లో భయంగానే ఉంది. దానియేలు కట్టు కట్టిన చేత్తో గట్టు మీద కూర్చున్నాడు. దగ్గరికి రావద్దని నేనే అన్నాను. మట్టిలో కాలు దిగడం, జారబోవడం, పట్టు దొరకబుచ్చుకోవడం, పైకి రావడం. అడుగు పక్కన అడుగు. ఎండెక్కేసరికి కాలు ఉందన్న సంగతి మరిచిపోయాను. వరస చివర వెనక్కి తిరిగి చూస్తే నేను తొక్కిన మేర నున్నగా, తడిగా మెరుస్తోంది.

తూము ఎత్తేముందు ఆఖరి వరస అయింది. పోలయ్య మేస్త్రి మడిలో దిగి మడమతో పొడిచి చూశాడు.

"గట్టిగనే ఉంది" అన్నాడు. ఆయన నోటి నుంచి అది చాలా పెద్ద మాట.

సరిచేసిన ప్రోగ్రాంకి ఎడమకాలి నడక అని పేరు పెట్టి చావడిలో పెట్టాను. నా కాలు నేర్చుకున్నదంతా కలిపి పెట్టాను, వేరే ఆడవాళ్లకి నా అంత తంటా ఉండకూడదని. షరతులు విశ్వంభర గారివే ఉంచాను. ఎవరైనా ఏమైనా చేసుకోండి. అఖిలేశ్ పొంగిపోయాడు. ఉలి కూడా 'మంచి పని' అని రాశాడు. చాలామంది ఆడవాళ్లు నడుస్తున్నామని రాశారు. కొందరు ఎందుకు పని చేయడం లేదని తిట్టారు. ఏ కాలు, ఏ నేల అని ముందు అడిగి, ఓపికున్నంతవరకు జవాబులు రాస్తున్నాను.

నమోదు 23

మధ్యలో రాయలేదు. ఉప్పు తీశాము, వానలు వచ్చాయి, పోయాయి. దానియేలు మణికట్టు వంకరగా అతుక్కుంది. ఇప్పుడు కొటారు దగ్గర ఉప్పు రాశులకి కాపలా ఉంటున్నాడు. బస్తా ఎత్తిన మనిషి కాకుల్ని తోలుతున్నాడు. ఆ మాట అతను అనడు. నేనే చూస్తుంటాను.

మళ్లీ మళ్లు తొక్కే రోజులు వచ్చాయి. నిన్న పలుగూ తట్టా తీసుకుని వెళ్లేసరికి గట్టు మీద షామియానా ఉంది. కొత్త కంపెనీ ఒకటి వచ్చింది. తెల్ల అట్టపెట్టెల్లో కాళ్లు. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి మైకులో మాట్లాడుతోంది. పక్క పేట ఎస్తేరు ఒక కాలు తొడుక్కుని కూర్చుంది. పోయిన ఏడు బస్సు తిరగబడి ఎడమకాలు పోగొట్టుకున్న పిల్ల. ఇరవై దాటి ఉండవు.

పోలయ్య మేస్త్రి నన్ను పక్కకి పిలిచాడు. నా ముఖం చూడకుండా మాట్లాడాడు.

"సొసైటీలో తీర్మానం అయింది సువార్తా. ఇక మీదట కంపెనీ సర్టిఫికెట్ ఉన్న కాళ్లే మళ్లల్లోకి. సొంతంగా వేసుకున్నయ్యి కుదరవంట."

"పోయినేడు తొక్కింది నువ్వే చూశావుగా మేస్త్రీ. మడమతో పొడిచావు."

"చూసినాను. నేను కాదంటన్నానా? మీటింగులో నీ రాతలే చదివి వినిపిచ్చినారు. మనిషి చెయ్యి ఇరిగిందంట గందా. నువ్వే రాసినావంట. ఎవురూ బలవంతంగా ఏసుకోబాకండని కూడా నువ్వే రాసినావంట. ఇంక నేనేం మాట్టాడేది?"

అప్పుడే ఎస్తేరు పోయినేడు నేను తొక్కిన మడిలోకే దిగింది. అందరూ గట్టు మీదికి చేరారు. ఆమె అడుగు వేసింది. కాలు మట్టిలో దిగింది, జారబోయింది, పట్టు దొరికించుకుంది, పైకి వచ్చింది. మళ్లీ దించేటప్పుడు మడమ నేలకి ఆనబోతూ గాల్లో ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాతే ఆనింది. ప్రతి అడుగుకీ అంతే.

దానియేలు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. "అది నువ్వే" అన్నాడు.

పెరట్లో ఆ రోజు తర్వాత నేను ఏ అడుగూ చూసుకోకుండా వేయలేదు. మడమ ఆనించే ముందు ఆగుతాను, కాలు తన్నదు కదా అని. ఆగుతున్నానని నాకే తెలియదు. కాలికి తెలిసింది. నేర్చుకుంది. నేను దాన్ని చావడిలో పెట్టాను, ఈ కంపెనీ తీసుకుని తన కాళ్లలో వేసుకుంది. ఇప్పుడు నా భయం ఆ పిల్ల కాల్లో నడుస్తోంది.

అక్కడి నుంచే అఖిలేశ్‌కి ఫోన్ చేశాను. అతనికి ముందే తెలుసు. "వాళ్లు తప్పేం చేయలేదండి. మీ షరతు అదే కదా. స్వేచ్ఛ అంటే వాళ్లకీ ఉంటుంది. కావాలంటే చావడిలో చర్చ పెడతాను" అన్నాడు. చర్చ వద్దన్నాను.

ఎస్తేరు రెండు వరసలు తొక్కి గట్టెక్కింది. చెమట తుడుచుకుంటూ నా దగ్గరే కూర్చుంది.

"అక్కా, నువ్వు గూడా కాలుతో తొక్కుతావంటగా. ఈ కాలు మడమ పెట్టేముందు ఆగతంది ఎందుకు? ఆ మేడమ్‌నడిగితే సేఫ్టీ కోసం అంటంది. నాకైతే అడుగడుక్కీ ముందుకు పడబోతన్నట్టుగా ఉంది."

"అది సేఫ్టీ కాదు. దానికి నేర్పిన మనిషి భయపడింది, అంతే."

"తీసెయ్యొచ్చా?"

"నా కాల్లో అయితే తీసెయ్యొచ్చు. రెండు నిమిషాల పని. నీ కాలు వాళ్లు తాళమేసి ఇచ్చారు. తెరిస్తే సర్టిఫికెట్ పోద్ది. సర్టిఫికెట్ పోతే మడి పోద్ది."

ఎస్తేరు కాలి వైపు చూసుకుంది. ఏదో అడగబోయింది. ఇంతలో పోలయ్య మేస్త్రి కేకేశాడు, వరస సగంలో ఉంది రమ్మని.

"ఎవురి మడి అక్కా ఇది? నన్నిక్కడే తొక్కమన్నారు" అంది లేస్తూ.

"నీదే. తొక్కినవాళ్లదే మడి" అన్నాను.

చెయ్యి అందిస్తే పట్టుకుని మడిలోకి దిగింది. కాలు ఎత్తింది. మడమ గాల్లో ఆగింది. నేను గట్టు మీద నిలబడి, అది నేలకి ఆనేదాకా ఊపిరి బిగపట్టాను.